నేను సర్దార్జీ కూతురినైన ఆదివారం

కొత్త ఉద్యోగంలో ఎవరికైనా కొన్నాళ్ళు ఏడుపొస్తుంది. ఆ రోజుల్లో నాకు వచ్చిన ఏడుపు మాత్రం ఒక విద్యాసంవత్సరం నడిచింది. ఇప్పుడు మేముంటున్న ఈ చలిదేశపు ఊరు ఏజాక్స్‌లో మనవాళ్ళు తలో వంటా తెచ్చుకునే పాట్‌లక్‌లో కూర్చుని ఫస్ట్ జాబ్ కబుర్లు చెప్పుకుంటుంటే ఒకరు హైదరాబాద్ అంటారు, ఇంకొకరు న్యూజెర్సీ అంటారు. నా వంతు వచ్చి "నఖోన్ సవన్" అనగానే ఎవరో కుర్రాడు "అది ఏ స్టేట్, ఆంటీ?" అంటాడు. థాయ్‌లాండ్‌లో రెండు నదులు కలిసే చోట ఉన్న రేవుపట్నమది. ఆ పేరుకి మన భాషలో అర్థం స్వర్గనగరం. తెనాలి నుంచి నన్ను పంపిన ఏజెంటు ఆ ఊరి గురించి ఆ ఒక్క ముక్కే చెప్పాడు, నేను ఆ ఒక్క ముక్కే నమ్మాను.

స్వర్గంలో నా పని ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషులో లెక్కలు చెప్పడం. పిల్లలకి ఇంగ్లీషు రాదు, నాకు థాయ్ రాదు. నేను బోర్డు మీద రాస్తుంటే వెనకాల కిసుక్కున నవ్వు వినిపించేది, తిరిగి చూస్తే అందరూ బుద్ధిగా చేతులు కట్టుకుని ఉండేవాళ్ళు. సాయంత్రం ఆరింటికి రేవు బజారు మైకులో జాతీయగీతం వస్తుంది. చేపలు తూచే ఆవిడ, ఇసుక పడవ మీది కూలీలు, ఐసు తోసుకెళ్ళే మనిషి ఎక్కడివాళ్ళక్కడ కదలకుండా నిలబడతారు. ఆ సంగతి తెలియని మొదటిరోజు నేనొక్కదాన్నే ఆ బొమ్మల కొలువు మధ్య టొమాటోలు ఏరుతూ తిరిగాను. కాయగూరలే కదా అని కొన్న ప్రతి కూరలోనూ చేప ఏదో ఒక రూపంలో ఉండేది (ఆఖరికి బెండకాయలో కూడా). గదికొచ్చి ఉత్త అన్నం ముందు కూర్చుని ఏడ్చేదాన్ని. ఉద్యోగం మానేద్దామంటే, వద్దన్నా వినకుండా వచ్చినదాన్ని, ఏ ముఖం పెట్టుకుని ఇంటికి వెళ్ళను?

నా గది ఒక పెద్దావిడ మేడ మీద. కింద ఆవిడ చేప ఉండల సూపు అమ్మేది. ఊరంతా ఆవిణ్ణి "పా" అనేవారు, అంటే పెద్దమ్మ. ఒక మధ్యాహ్నం నా ఏడుపు విని పైకొచ్చి, "ఇల్లు దూరమా అమ్మా?" అని అడిగింది. నాకు వచ్చిన నాలుగు ముక్కల్లో "క్లై" ఒకటి, అదే అన్నాను. ఆ మాటని గొంతు సమంగా ఉంచి అంటే దూరం, కిందికి జార్చి అంటే దగ్గర. ఇది నాకు అప్పటికి తెలియదు. ఏడుపు గొంతు సమంగా ఎందుకుంటుంది? జారింది. అంటే నేను "దగ్గరే" అని చెప్పి, వెక్కి వెక్కి ఏడ్చానన్నమాట.

"అమ్మ ఉందా?"

"ఉంది."

"మరి వెళ్ళవే?"

"వెళ్ళలేను" అన్నాను. పెద్దమ్మ ముఖం గట్టిపడింది. చరచరా కిందికెళ్ళిపోయింది.

ఆ ఆదివారం పొద్దున్నే సూపు కొట్టు మూసేసి, మంచి చీరలాంటి లుంగీ కట్టుకుని, సంచీడు పంపర పనసకాయలతో నా తలుపు కొట్టింది. గుడికి కాబోలు అని నేనూ శుభ్రంగా తయారయ్యాను. పడవలో అవతలి ఒడ్డుకి వెళ్ళాం. ఆవిడ నా చెయ్యి వదలకుండా నడిచి, తిన్నగా ఒక బట్టలకొట్టులోకి తీసుకెళ్ళింది. గల్లా దగ్గర తలపాగాతో ఒక సర్దార్జీ కూర్చుని టీ తాగుతున్నాడు. పెద్దమ్మ పంపర పనసలు ఆయన ముందు పెట్టి, నన్ను ముందుకి తోసి, ఆయన్ని తిట్టడం మొదలుపెట్టింది. నాకు అర్థమైంది "అమ్మ", "ఏడుస్తుంది", "అన్నం" అన్న మూడు మాటలే. కొట్లోవాళ్ళు, కొనేవాళ్ళు, ఆయన భార్య అందరూ నన్నే చూస్తున్నారు. సర్దార్జీ టీ గ్లాసు కింద పెట్టి, హిందీలో చాలా నెమ్మదిగా అడిగాడు.

"బేటీ, నువ్వెవరు? నిన్ను నేను ఇంట్లోంచి గెంటేశానని అంటోంది ఈవిడ."

ఆ ఒడ్డున ఉన్న ఇండియావాళ్ళు ఆ కుటుంబమే కాబట్టి, దగ్గర్లో ఇల్లున్న ఇండియా పిల్ల వాళ్ళమ్మాయే అయ్యుండాలని పెద్దమ్మ తేల్చుకుంది. నా స్కూలు హిందీలో తెనాలి గురించి, మధ్యలో ఉన్న సముద్రం గురించి చెప్పాను. ఆయన దాన్ని థాయ్‌లో చెప్పాడు. కొట్టంతా గొల్లున నవ్వింది. భూమిలోకి పోదామంటే అక్కడ నేల సిమెంటు.

పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. స్టూలు మీద కూర్చుండిపోయింది. అప్పుడు సర్దార్జీ గొంతు తగ్గించి, "ఈవిడ కూతురు ఈ వీధి చివరే ఉంటుంది. పెళ్ళి విషయంలో గొడవపడి ఏళ్ళయింది, మాటల్లేవు" అన్నాడు. నాకు ఏం తోచిందో, పంపర పనసల సంచీ తీసి భుజాన వేసుకుని ఆవిడకి చెయ్యి అందించాను.

వీధి చివర నీలం తలుపు సగమే తెరుచుకుంది. ఆ అమ్మాయి తల్లిని చూసింది, నన్ను చూసింది. పెద్దమ్మ నన్ను చూపించి ఏదో చెప్పబోయి ఆగిపోయింది. కూతురు చేతులు జోడించి, సంచీ అందుకుని, బిడ్డ నిద్రపోతోందని చెప్పి తలుపు వేసేసింది. బిడ్డ ఉందన్న సంగతి పెద్దమ్మకి అప్పుడే తెలిసిందని నాకు తర్వాతెప్పుడో అర్థమైంది.

తిరుగు పడవలో ఆవిడ థాయ్‌లో మాట్లాడుతూనే ఉంది. నేను మా అమ్మ గురించి తెలుగులో చెప్పాను. ఒకరి మాట ఒకరికి అర్థం కాలేదు, ఇద్దరం ఏడ్చాం. పడవవాడు మర్యాదగా అటు తిరిగి కూర్చున్నాడు. ఆ సంవత్సరం చివరిదాకా ఉన్నాను. ఆ నీలం తలుపు మళ్ళీ తెరుచుకోగా నేను చూడలేదు.

మొన్న చలికాలం మా ఆయనతో ఇక్కడ ఒక థాయ్ రెస్టారెంట్‌కి వెళ్ళాను. ఆర్డర్ తీసుకునే అమ్మాయిని, పెద్దమ్మ నన్ను అడిగినట్టే, నా థాయ్‌లో "అన్నం తిన్నావా?" అని అడిగాను. మా ఆయన మెనూలోకి తల దూర్చేశాడు. ఆ అమ్మాయి ఇంగ్లీషులో, "సారీ మేడమ్, నేను ఇక్కడే పుట్టాను. అది మా అమ్మమ్మ ఫోన్లో అడుగుతుంటుంది, అర్థం మాత్రం తెలియదు" అంది. అర్థం చెప్పాను. "ఓ, అంతేనా" అని, పెద్దవాళ్ళని చూసి పిల్లలు నవ్వే నవ్వొకటి నవ్వి, మంచినీళ్ళు తేవడానికి వెళ్ళింది. ఆ నవ్వు చూసి నాకూ నవ్వొచ్చింది.