తునికాకు నెమలి

కామారెడ్డిలో ఏడున్నర బస్సు తప్పిందంటే, ఎల్లారెడ్డిలో షేర్ ఆటో నిండేదాకా కూర్చుని నేను బడికి చేరేసరికి ప్రార్థన అయిపోతుంది. అలాంటి రోజుల్లో నా కోపమంతా నాలుగో తరగతి లెక్కల పీరియడ్ మీద పడేది. నాకు కోపం ఎక్కువ. పిల్లలకు తెలుసు, మా ఆయనకూ తెలుసు. వైశాల్యం పాఠం చెప్పినప్పుడల్లా ‘పొడవు ఇంటూ వెడల్పు’ అని క్లాసంతా ఒకే గొంతుతో పాడేది. ఈ బల్ల మీద ఎన్ని పుస్తకాలు పరచొచ్చని అడిగితే మాత్రం ఒక్కరూ నోరు విప్పరు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, చెప్పడం చేతకాక వాళ్లవి మొద్దు బుర్రలు అనేదాన్ని.

పాఠంలో బొమ్మలూ పాటలూ కలిపి చెప్పమని కామారెడ్డిలో మాకు శిక్షణ ఇచ్చినప్పుడు, వెనక వరుసలో కూర్చుని నవ్విన వాళ్లలో నేనూ ఉన్నాను. సిలబస్‌కే దిక్కు లేదు, ఇక ఈ ఆటలొకటా అనుకున్నాను. చివరికి వేరే దారి దొరక్క ఒక రోజు రంగు కాగితాలూ కత్తెరలూ పట్టుకెళ్లాను. అందరికీ ఒకే కొలత కాగితం, అగ్గిపెట్టెంత అట్టముక్క ఒకటి ఇచ్చాను. ఆ అట్ట కొలతకు ఎన్ని ముక్కలు వస్తే అన్ని కత్తిరించాలి, వాటితో ఏదైనా బొమ్మ అతికించాలి.

చివరి వరుసలో గోడకు ఆనుకుని కూర్చునే ఒక అమ్మాయి ఉండేది. పేరు పిలిస్తే లేచి నిలబడడమే తప్ప లెక్కల పీరియడ్‌లో ఆ పిల్ల నోట మాట విన్న గుర్తు లేదు. మిగతా వాళ్లంతా కాగితం నడిమధ్యలో గీయడం మొదలుపెట్టి అంచుల్లో బోలెడు చెత్త మిగిల్చారు. ఆమె గీయనే లేదు. అట్టముక్కను ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా పెట్టి చూసి, అంచు నుంచి కత్తెర ఆడించింది. అందరికీ ఏడెనిమిది ముక్కలు వస్తే ఆమెకు పన్నెండు వచ్చాయి. మిగిలింది దారమంత పీలిక.

“ఎట్ల చేసినవే ఇది?” అన్నాను.

“అమ్మ ఆకు గిట్లనే కత్తిరిస్తది మేడం. ఆకు ఖరాబ్ కావద్దు కదా” అంది.

మా బడి ఉన్న ఆ ఊళ్లో ఇంటింటా ఆడవాళ్లు ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుడతారు. కార్ఖానా నుంచి తెచ్చిన తునికాకును తడిపి, రేకుముక్కను కొలతగా పెట్టి కత్తిరిస్తారు. కొలతకు తక్కువైతే పనికిరాదు, ఎక్కువైతే ఆకు దండగ. నేను ఏళ్ల తరబడి చెప్పలేకపోయిన పాఠం ఆ అరుగుల మీద రోజూ నడుస్తూనే ఉంది.

నాకు ఉత్సాహం ఆగలేదు. మర్నాడు ఆమెతో కొన్ని ఆకులు తెప్పించాను. గళ్ల కాగితం మీద ఆకు పెట్టి చుట్టూ గీసి, లోపల ఎన్ని గళ్లున్నాయో పిల్లలతో లెక్కపెట్టించాను. సగం గడి వస్తే ఏం చేయాలని పెద్ద పంచాయితీ పెట్టుకున్నారు. “రెండు సగాలు కలిపితే ఒక్కటి అయితది” అని తేల్చింది ఆ పిల్లే. తర్వాత ఆకుముక్కలతో చార్టు మీద నెమలిని అతికించాం. ఈకలన్నీ తనే కత్తిరించింది. నెమలి కింద ఆమె పేరు, దాని కింద ‘ఇంట్లో నేర్చిన పని, బడిలో లెక్క’ అని స్కెచ్ పెన్నుతో రాశాను. ఫోటో తీసి మండలం టీచర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఎవరు అడిగారని పెట్టానో! గొప్పలకు పోయాను.

ఆ ఫోటో చూసి, మూడో రోజు బాలకార్మికుల సంగతి చూసే అధికారి ఒకరు బడికి వచ్చారు. ఆయన నెమలిని చూడలేదు, ఆకును చూశారు. ఆ పిల్లను పిలిచి మెల్లగానే అడిగారు.

“ఇంట్ల బీడీలు చేస్తవా బిడ్డా?”

“నాకు బీడీలు చేయరాదు సార్. ఐతారం ఐతారం ఆకు కత్తిరిస్త” అంది, ఆయన కూడా మెచ్చుకుంటారనుకుని నా వైపు చూస్తూ.

ఆయన నేరుగా వాళ్లింటికి వెళ్లి, పిల్లతో పని చేయిస్తే కేసు అవుతుందని వాడకట్టంతా వింటుండగా తల్లిని హెచ్చరించారు. ఆయన అన్న దాంట్లో తప్పు లేదు. తంబాకు దుమ్ములో పిల్లలు కూర్చోకూడదనే నేనూ అంటాను.

ఆ మర్నాటి నుంచి పిల్ల బడికి రాలేదు. నాలుగు రోజులు చూసి, సాయంత్రం బడి వదిలాక నేనే వాళ్లింటికి వెళ్లాను. తల్లి చేట ముందేసుకుని అరుగు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు. పిల్లను డోంగ్లిలో మేనమామ ఇంటికి పంపుతున్నామని చెప్పింది. అక్కడ బడికి పోతుందా అని అడిగితే, “చూస్తం” అంది.

“చూస్తం అంటే ఏంది అక్కా?” నా గొంతు లేచింది. చట్టం, చదువు, పిల్ల భవిష్యత్తు, నోటికొచ్చిందంతా ఏకరువు పెట్టాను.

ఆమె చేతులు ఆగలేదు. నేను ఆగాక అంది:

“లెక్కలు రావని నాలుగేండ్లు తిట్టిన్రు. ఒక్కరన్న మా ఇంటికి రాలే మేడం. పని వచ్చని తెల్వంగనే జీపేసుకోని వచ్చిన్రు. నెమలి కింద పేరు రాసిన్రని పిల్ల ఎగురుకుంట వచ్చి చెప్తే వాడకట్టుకంత చెప్పుకున్న. మీరు దాన్ని మెచ్చుకున్నరా, పట్టిచ్చిన్రా?”

నాకు తల కొట్టేసినట్టయింది. “తప్పు నాదే అక్కా, ఫోటో పెట్టే ముందు నిన్ను అడగాల్సింది” అన్నాను. ఆమె చాయ్ పెట్టించింది. తాగాను. పిల్లను పంపమని మళ్లీ అడిగాను. ఈసారి బతిమాలుకున్నాను.

“పంపుత గని, మల్ల మా ఇంటి ముచ్చట బడిల ఎత్తద్దు” అంది చివరికి. సరేనన్నాను.

సోమవారం ఆటోలో దారి పొడుగునా దేవుళ్లకు మొక్కుకుంటూ వచ్చాను. ప్రార్థన వరుసలో ఆ పిల్ల కనిపించగానే ప్రాణం లేచొచ్చింది. ఆ వారం భిన్నాల పాఠం. కాగితాన్ని నాలుగు సమాన భాగాలుగా కత్తిరించి తోరణం కట్టాలి. అందరికీ కత్తెరలు పంచుతూ ఆమె దగ్గరికి వచ్చాను. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

“తీసుకో బిడ్డా.”

“నాకు కత్తిరియ్యరాదు మేడం.”

ఆమె నా కళ్లలోకి చూస్తూనే, ఎక్కడా తడబడకుండా చెప్పింది. ఆ పిల్ల నోట నేను విన్న మొదటి అబద్ధం అది. దాన్ని నేర్పిన టీచర్ని నేనే.