విస్తరాకుల పుస్తకం

విస్తర్లు కుట్టే ఎండిన అడ్డాకు మీద నీళ్లు చల్లితే ఒక వాసన లేస్తుంది. తొలకరి వాసనలో కొంచెం చేదు కలిసినట్టు ఉంటుంది. ఇవాళ పొద్దున అది ముక్కుకు తగలగానే సువార్తమ్మ మేడం గుర్తొచ్చింది. నాకు సంతకానికి మించి చదువు లేదు; నేను చెబుతుంటే కోడలు రాస్తోంది. మేడం ఉంటే, "తప్పులు రాయకే పిల్లా" అని కలం లాక్కునేది.

భద్రాచలం దగ్గర అడవి అంచున మా విస్తరాకుల షెడ్డు. నా భర్త చనిపోయాక అదే నాకు అన్నం పెట్టింది. మేడం దానికి మేనేజరు. ప్రతి కట్టలోంచి ఒక విస్తరి తీసి, గ్లాసెడు నీళ్లు పోసి, నూరు అంకెలు లెక్కపెట్టేది. చుక్క కారిందా, మా పని అయిపోయినట్టే. "ఇందుల పప్పుచారు పోస్తే పెండ్లికొడుకు పంచె ఏమైతదే?" అనేది.

ఒకసారి లోడు మొత్తం వెనక్కి వచ్చింది. ప్రమాణాల ప్రకారం లేవట. ఆ ప్రమాణాలేవో ఒక పుస్తకంలో ఉంటాయట, దాన్ని కొనుక్కోవాలట. అది షెడ్డులో ఉంటేనే సర్టిఫికెట్టు ఇస్తారట. మేడం కొని తెచ్చింది. అంతా ఇంగ్లీషే. ప్రతి పేజీ కింద, కొన్నవారికి మాత్రమే, నకలు తీయరాదు అని అచ్చేశారు.

"జిరాక్సు తీపిద్దాం మేడం, ఎవరు జూస్తరు?" అన్నాను.

"పైనోడు జూస్తడు. దొంగతనం చెయ్యద్దని ఎన్నడో చెప్పిండు. గానీ అరవద్దని ఎవ్వరూ చెప్పలే. నర్సమ్మా, నీ గొంతు వాగు అవతలికి వినబడ్తది. నేను తెలుగుల చెప్త, నువ్వు గట్టిగ అరువు."

ఆ రోజు నుంచి ఆమె చెప్పడం, నేను అరవడం, ఆడవాళ్లంతా వింటూ ఆకులు కుట్టడం. వానలు పడేసరికి నా గొంతు చిరిగిన డప్పు అయింది. పుస్తకం మాత్రం మొత్తం నోటికి వచ్చేసింది.

మేడం ఆ పుస్తకం అమ్మిన ఆఫీసుకు ఉత్తరం కూడా రాసింది: "పాటించాల్సింది మేమైతే, ఆ మాటను మాకే అమ్ముడేంది?" పరీక్షలు చేసి పుస్తకం రాసేవాళ్లకు జీతాలు ఎక్కడి నుంచి వస్తాయని జవాబు వచ్చింది. మేం నవ్వాం. మేడం నవ్వలేదు.

"నిజమే గద, వాళ్ల పొయ్యి గూడ రగలాలె. ఊరి డప్పుకు ఇంటింటికీ చందా ఏస్తం, పెద్ద రైతు జరంత ఎక్కువిస్తడు. చాటింపు మాత్రం చందా ఇయ్యనోడికి గూడ వినబడ్తది. గట్ల జెయ్యాలె." అదే రాసి పంపింది. దానికి మాత్రం జవాబు రాలేదు.

ఆ ఏడు గోదావరి షెడ్డులోకి వచ్చింది. బల్లతో పాటు పుస్తకమూ పోయింది. బురద ఆరకముందే సర్టిఫికెట్టు తనిఖీకి ఒక అధికారి వచ్చాడు. అది రాకపోతే షెడ్డు మూతే.

"మీ కాపీ చూపించండి."

మేడం తడుముకోకుండా నన్ను చూపించింది. "అగో, నిలబడ్డది సార్. నర్సమ్మా, మొదటి పేజీ కాంచి!"

 కళ్లు మూసుకుని అందుకున్నాను. "విస్తరికి చిల్లు ఉండరాదు. ఆకుకు బూజు ఉండరాదు. చంద్రమ్మా, కాలు తియ్యి. కుట్టుపుల్ల పైకి పొడుచుకు రారాదు..."

"ఆగమ్మా! చంద్రమ్మ కాలు ఏ నిబంధన?"

"మూడోది సార్."

నాకేం తెలుసు? మేడం నోట్లోంచి వచ్చిందంతా పుస్తకమే అనుకున్నాను. మూలన చంద్రమ్మ అలవాటుగా ఆకుల మీదికి చాపిన కాలు గబుక్కున ముడుచుకుంది. అధికారి సంచిలోంచి తన పుస్తకం తీసి వరస వరసకూ వేలు పెట్టి విన్నాడు. చివరి పేజీలో "దగ్గొస్తుంది, చెంబు అందుకోవే" దాకా వదలకుండా చెప్పాను.

"కాలూ, చెంబూ తీసేస్తే అక్షరం పోలేదు," అన్నాడు. ఆయనే ఒక విస్తరిలో నీళ్లు పోసి చూశాడు. కారలేదు. సంతకం పెడుతూ, "ఈ కాపీ ఎంతకిస్తారు మేడం?" అని అడిగాడు.

"అమ్మేది కాద్సార్. ఎవ్వరొచ్చినా ఇనొచ్చు."

మేడం ఇప్పుడు లేదు. ఆ పుస్తకం ఇప్పుడు ఫోనులో ఊరికే వస్తుందని కొత్త మేనేజరు చూపించాడు. మేడం ఉత్తరం ఎవరైనా చదివారేమో. అయినా అది ఇంగ్లీషులోనే ఉంది, పనిలో చేరిన పిల్లలు నా దగ్గరికే వస్తారు. ఈ చిరిగిన గొంతుతోనే చెబుతాను, ఒక్క ముక్క వదలను. చంద్రమ్మ మోకాళ్ల నొప్పులతో పని మానేసి చాలా కాలమైంది. మూడో నిబంధన వచ్చేసరికి మాత్రం షెడ్డులో అందరి కాళ్లూ వెనక్కి పోతాయి.