జయరాజ్ సింహానికి తోక పెరిగిన వైనం

కల్లూరు సోడా జయరాజ్ నోట "బాగుండాది" అనే మాట ఒంటరిగా ఎప్పుడూ బయటికి రాలేదు. దాని వెనకే "అయితే" వస్తుంది. పెళ్లిలో బిర్యానీ తిని, బాగుండాది, అయితే మేకకు కొంచెం వయసెక్కువ అన్నాడు. చర్చిలో ప్రసంగం అయ్యాక పాస్టరుగారి చెయ్యి పట్టుకుని, బాగుండాది, అయితే మోషే సముద్రం దాటేలోపల మాకు ఆకలైందన్నాడు. అలాంటి మనిషి మెచ్చేలా లేబుల్ గీసే పని శివకుమారి మీద పడింది.

సుగంధి వేళ్లతో చేసే జయరాజ్ వాళ్ల నన్నారి సోడా తండ్రి కాలం నాటిది. సీసా మీద సింహం బొమ్మ. చర్చివాళ్లు దాన్ని యూదా గోత్రపు సింహమనుకునేవాళ్లు, మిగిలినవాళ్లు అహోబిలం నరసింహుడి గుర్తనుకునేవాళ్లు. పిల్లలు మాత్రం బొమ్మ ఎట్లా కనిపిస్తే అట్లా, "పిల్లి సోడా" ఇమ్మని అడిగేవాళ్లు. ఆ పేరు వినలేక జయరాజ్ కూతురు రెజీనా లేబుల్ మార్చాల్సిందేనని పట్టుబట్టింది. పనిలో పనిగా లేబుళ్లు అంటించే యంత్రం కూడా మాట్లాడిపెట్టింది.

శివకుమారికి ఇదే మొదటి పెద్ద పని. నల్లమల కొండలు, నన్నారి తీగలు, మధ్యలో జూలు విదిలించిన సింహం గీసుకొచ్చింది. జయరాజ్ కళ్లద్దాలు తుడుచుకుని చాలాసేపు చూశాడు.

"బాగుండాదమ్మా. అయితే కోపమెక్కువ. సోడా తాగనీకి వచ్చినోడు బెదిరి పారిపోతాడు."

కోపం తగ్గించింది. ఇల్లరికపు అల్లుడిలా ఉందన్నాడు. జూలు సర్దింది. క్షౌరశాల నుంచి ఇప్పుడే లేచి వచ్చినట్టుందన్నాడు. అక్కడి నుంచి తోక మీద పడ్డాడు. పొడుగు చెయ్యమన్నాడు, చేసింది. ఇంకొంచెం అన్నాడు. ఇంకొంచెం చేసింది. ఇంట్లో జడ వేసుకుంటున్నా ఆమెకు తోకే గుర్తొచ్చేది. తన గీతే ఆయనకు నచ్చలేదేమోనని దిగులు పట్టుకుంది. మానేస్తానని రెజీనాకు చెప్పింది. యంత్రం అమ్మే మనిషి రెండ్రోజుల్లో వస్తున్నాడు, ఆ రోజు రా, మా నాయనతో తేల్చేద్దామంది రెజీనా.

ఆ రోజు శివకుమారి ముందే వెళ్లింది. షెడ్డులో ఏళ్ల తరబడి చేత్తో లేబుళ్లు అంటించే ముసలివాళ్లు సిద్దమ్మ, గిడ్డమ్మ గోనెసంచుల మీద కూర్చుని పాత లేబుళ్లకు జిగురు పూస్తున్నారు. వాళ్ల పక్కనే జయరాజ్ ఖాళీ సీసా మెడకు కాగితం పీలిక చుట్టి చూసుకుంటున్నాడు.

"మోకాళ్లు పోయినాక చేనికి యాడ పోతాం అప్పా," అంటోంది సిద్దమ్మ. "నీడన కూసోని చేసే పని ఇదొక్కటే ఉండె."

జయరాజ్ పీలికను ఇంకో చుట్టు తిప్పాడు. శివకుమారికి అప్పుడు తోక ఎందుకు పెరుగుతోందో అర్థమైంది.

కాసేపటికి అందరూ కూర్చున్నారు. సింహం తోక సీసా పొట్ట మీది నుంచి పైకి పాకి, మెడ చుట్టూ తిరిగి రావాలన్నాడు జయరాజ్. యంత్రం మనిషి సీసాను అటూ ఇటూ తిప్పాడు. పొట్ట మీద అంటించగలదు గానీ మెడ చుట్టూ తిప్పడం యంత్రం వల్ల కాదని, తోక చేత్తోనే అంటించుకోవాలని చెప్పాడు.

"అయ్యో, అట్లనా," అన్నాడు జయరాజ్, దినాలకు వచ్చినవాడిలా ముఖం పెట్టి.

అయితే తోక కత్తిరించెయ్యమని రెజీనా శివకుమారి వైపు తిరిగింది. శివకుమారి బొమ్మ కాగితాన్ని దగ్గరికి లాక్కుంది. పని పోయినా పోతుంది.

"తోక తీసేస్తే బొమ్మ లేదు," అంది.

రెజీనా ఆమెను చూసింది, తండ్రిని చూసింది, తలుపులోంచి గోనెసంచుల వైపు చూసింది. తర్వాత పెదవి కొరుక్కుని నవ్వాపుకుంది. పొట్ట యంత్రానికి, తోక మనుషులకు అని తేల్చింది.

కొత్త సీసాలు మంత్రాలయం దాకా వెళ్లాయి. తోక ఎక్కడ తేలుతుందోనని జనం సీసా తిప్పి తిప్పి చూస్తున్నారు. ఒకరోజు శివకుమారి షెడ్డుకు వెళ్తే, సిద్దమ్మ వేళ్లకు జిగురుతో ఎదురైంది.

"ఈ తోక గీసింది నువ్వేనంట గదమ్మా. నా చేతులు పడిపోతాండాయి," అని విసుక్కుంది. మళ్లీ గొంతు తగ్గించి, "అన్ని దుడ్లు పోసి తెచ్చిన యంత్రానికి రాదంట ఇది. మాకొచ్చు," అంది.

వెనక నిలబడ్డ జయరాజ్ షెడ్డు పైకప్పును చాలా శ్రద్ధగా పరిశీలిస్తున్నాడు.