మాస్టరమ్మ ఒప్పుకున్న వైద్యం

కన్నవారు పెట్టిన పేరును సంతకానికి తప్ప మరెందుకూ వాడుకోని ఆమెను అందరూ కటింగ్ మాస్టరమ్మ అనే పిలిచేవారు. మానసిక వైద్యశాలలో కౌన్సిలరును మొదటిసారి కలిసిననాడు, కుర్చీలో కూర్చోకముందే ఆమె బల్లమీది కాగితాన్ని తనవైపు తిప్పుకుని చదివింది. 'రోగిని తీసుకువచ్చినవారు' అన్న గడిలో అన్నగారి పేరుంది.

"నన్నెవరూ తీసుకురాలేదండీ. నేనొచ్చాను. మా అన్నయ్య నా వెనకాల వచ్చాడు" అంటూ పెన్ను అడిగి తీసుకుని ఆ గడిని కొట్టివేసింది.

"చూశారుగా, చిన్నప్పట్నుంచీ ఇదే వరస. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు" అన్నాడు అన్నగారు.

"కుందేల్ని పట్టింది నేనైనప్పుడు కాళ్లు నువ్వు లెక్కపెడతావేంటి?"

కౌన్సిలరు నవ్వు ఆపుకుని కొత్త కాగితం తీసింది. ఆమె మాస్టరమ్మకన్నా పదేళ్లు చిన్నది.

మాస్టరమ్మ ముప్పైయేళ్లుగా చొక్కాలు కుట్టే కార్ఖానాలో బట్ట కత్తిరిస్తోంది. పొడవాటి బల్లపై బట్టను పొరలు పొరలుగా పరిచి, పైపొరమీద సుద్దతో గీతలు గీసి, కరెంటు కత్తితో అన్నింటినీ ఒకే కోతలో తెగ్గొట్టడం ఆమె పని. నాలుగేళ్ల కిందట భర్త పోయినప్పుడు డాక్టరు పదిరోజులకని నిద్రమాత్రలు రాశాడు. పదిరోజులు గడిచాయి గాని మాత్ర గడవలేదు. ఒకటి రెండయింది, రెండు మూడయ్యాయి. పగటిపూట కూడా తలలో మబ్బు కమ్మేది. ఒకనాడు అరవై పొరల చొక్కా చేతులు కత్తిరిస్తూ, కుడిచేతికి అట్ట అచ్చును తిరగేసి పెట్టడం మరిచిపోయింది. నూటయిరవై చేతులూ ఎడమవే వచ్చాయి.

యజమాని కోప్పడలేదు. "బట్ట పోతే పోయింది మాస్టరమ్మా. కత్తి పక్కన నీ వేళ్లు చూస్తే నాకు గుండె ఆగినంత పనైంది. నయమైందని కాగితం తెచ్చుకుని అప్పుడు బల్ల ముట్టుకో" అన్నాడు. ఆ బల్లే ఆమె బతుకు. అది చేజారుతుందన్న భయమే ఆమెను ఇక్కడికి నడిపించింది.

అన్నగారి మనసంతా ఊరవతల మత్తు అలవాట్లు మాన్పించే ఒక ఆశ్రయకేంద్రం మీద ఉంది. అక్కడ తొంభైరోజులు తలుపులు తాళంవేసి ఉంచుతారు. మాత్రలు మొదటిరోజే మాన్పిస్తారు. కౌన్సిలరు అడ్డంగా తల ఊపింది. "ఇన్నేళ్లు వాడిన మాత్ర ఒక్కసారిగా ఆపితే మూర్ఛలు రావచ్చు. మా డాక్టరుగారు కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. దానికి తోడు మాటలతో చేసే వైద్యం ఉంటుంది. అందులో చాలా రకాలున్నాయి." పదిమందితో కలిసి కూర్చుని చెప్పుకునేది ఒకటి, గతాన్ని తవ్వి చూసేది మరొకటి, నిద్ర అలవాట్లనూ దాని చుట్టూ పేరుకున్న ఆలోచనలనూ సరిదిద్దేది ఇంకొకటి అని ఓపికగా వివరించింది. నిద్రలేమికి మూడోదే ఎక్కువగా పనిచేస్తుందని కూడా దాచకుండా చెప్పింది.

"అయితే అదే రాసేయండి" అన్నాడు అన్నగారు.

"ఆగు. కొత్త బట్ట తాను వస్తే ముక్క కోసి, తడిపి, ఆరబెట్టి, ఎంత ముడుచుకుందో కొలిచాకే బల్ల ఎక్కిస్తాను. వైద్యానికైనా అంతే. మూడూ చూస్తాను."

"ఒక్కసారి కూర్చుంటే ఏదీ తెలియదండీ" అంది కౌన్సిలరు.

"సరే, రెండేసి సార్లు."

గుంపులో ప్రతివారూ తాము మత్తుకు బానిసలమని చెప్పి మొదలుపెట్టాలన్నది అక్కడి నియమం. వంతు రాగానే మాస్టరమ్మ, "నేను కటింగ్ మాస్టర్ని. రోజుకి మూడు మాత్రలు మింగుతున్నాను. బానిసనని మాత్రం అనను" అంది. నడిపించే పెద్దమనిషి మళ్లీ చెప్పమన్నాడు. ఆమె మళ్లీ అదే చెప్పింది. పక్కనున్న బస్సు డ్రైవరు పెదవులు బిగించి నవ్వాడు. రెండోవారం కూడా ఆ ముక్కే చెప్పి, అందరికీ నమస్కారం పెట్టి వచ్చేసింది.

గతాన్ని తవ్వే వైద్యుడు సౌమ్యుడు. తల్లిని గురించి అడిగాడు. "మా అమ్మకి పడుకోగానే నిద్రపట్టేదండీ. ఆవిడ జోలికి పోకండి" అని బదులిచ్చింది. రెండోసారి భర్తను గురించి మాట్లాడి చాలాసేపు ఏడ్చింది. బయటికి వచ్చాక, "మంచి బట్టే. కానీ నాకిప్పుడు కావలసిన చొక్కాకి పనికిరాదు" అని కౌన్సిలరుకు చెప్పింది.

మూడోదాన్ని కౌన్సిలరే స్వయంగా చేస్తుంది. నిద్ర ముంచుకొచ్చేదాకా పక్క ఎక్కకూడదు. ఎంత తక్కువ పడుకున్నా రోజూ ఒకే వేళకు లేవాలి.

"నిద్రపట్టనిదానికి నిద్ర తగ్గిస్తారా? ఆకలైనవాడి ముందు విస్తరి లాగేసినట్టుంది."

"అవును. మొదటి రెండు మూడు వారాలు ఇప్పటికన్నా కష్టంగా ఉంటుంది. నన్ను తిట్టుకుంటారు. చాలామంది అక్కడే మానేస్తారు."

మాస్టరమ్మ ఆమెవైపు తేరిపార చూసింది. తమ బట్ట ముడుచుకోదని చెప్పిన వర్తకులను ముప్పైయేళ్లుగా చూస్తూనే ఉంది. ఇంత ముడుచుకుంటుందని ముందుగా చెప్పినవారు ఒకరిద్దరే. వారి దగ్గర తప్ప ఆమె కొనేది కాదు.

"ఇదే" అంది.

ఈ వైద్యం మొదలైన రెండోవారంలో అన్నగారు ఆశ్రయకేంద్రం దరఖాస్తు పట్టుకుని ఇంటికి వచ్చాడు. చెల్లెలి కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. స్టవ్ మీద పాలు పొంగిపోయినా ఆమె గమనించలేదు.

"ఇదేం వైద్యమే? మనిషివి సగమయ్యావు. సంతకం పెట్టు. నీ మంచికే చెబుతున్నాను."

"నా మంచికేనని తెలుసన్నయ్యా. అందుకే నిన్ను గుమ్మంలో నిలబెట్టకుండా కూర్చోబెట్టాను. కానీ సంతకం పెట్టను. కష్టమవుతుందని ఆవిడ ముందే చెప్పింది, అన్నట్టే అయింది. నీ తాళాలవాళ్లు కష్టం మాట ఎత్తనైనా లేదు."

"నీకేమైనా అయితే?"

"అవుతున్నది నాకే కదా, నన్నే చూసుకోనీ. నువ్వు వారానికోసారి రా. కాగితాలు లేకుండా రా."

ఆయన దరఖాస్తును మడిచి జేబులో పెట్టుకున్నాడు. చించలేదు, అంత తేలికగా ఓడిపోయే మనిషి కాడు. స్టవ్ గట్టు మాత్రం తుడిచి వెళ్లాడు.

నాలుగోవారానికి ఆమెకు అయిదు గంటల నిద్ర వచ్చింది. తరవాతి నెలల్లో డాక్టరు మూడు మాత్రలను రెండుకూ, రెండును ఒకటికీ, చివరికి ఒకటిని సగానికీ దించాడు. మధ్యలో ఒకసారి ఆమె దాచుకున్న మాత్ర మింగింది. మరునాడు తానే వచ్చి చెప్పింది. తల మాత్రం దించుకోలేదు.

కౌన్సిలరుకు వేరే ఊరికి బదిలీ అయింది. చివరిరోజున ఆమె యజమానికివ్వవలసిన కాగితం తీసి 'పూర్తిగా నయమైనది' అని మొదలుపెట్టింది. ఆ ఒక్క మాటతో బల్ల దక్కుతుందని ఇద్దరికీ తెలుసు.

మాస్టరమ్మ కాగితంమీద చేయి అడ్డం పెట్టింది.

"అలా రాయకండమ్మా. ఇంకా అర మాత్ర ఉందని రాయండి. మధ్యలో ఒకసారి జారానని రాయండి. పగటిపూట తలలో మబ్బు కమ్మడం లేదన్నది నిజం, అదీ రాయండి. ఉన్నదున్నట్టు చదివాక రమ్మంటే వెళ్తాను. ఒక్కటి మాత్రం మరిచిపోకండి. ఈ వైద్యం నాకెవరూ అంటగట్టలేదు, చూసి చూసి నేనే ఎంచుకున్నానని అన్నింటికంటే పైన రాయండి."