మొగులయ్య ముడి

కామాఠీపురా తొమ్మిదో గల్లీలో మొగులయ్య ముడి సంగతి తెలియని కూలీ లేడు. ఇళ్లు కట్టేచోట వెదురుబొంగులు నిలబెట్టి, కొబ్బరితాళ్లతో పరాంచి కట్టడం అతని పని. "నా ముడి యముడొచ్చినా ఇప్పలేడు" అని మీసం దువ్వేవాడు. మిల్లుల సమ్మె నడుస్తున్న ఏడాది, పక్కనే ఉన్న నాగ్‌పాడాలో, ఎవడో తొందరగాడు కట్టిన ముడి ఊడి, మొగులయ్య మూడో అంతస్తు నుంచి ఇటుకల కుప్ప మీద వెల్లకిలా పడ్డాడు. వెన్నుపూస విరిగింది. నడుము కింద కాళ్లు ఉన్నా లేనట్టే అయింది. ఎవడి పాపమో ఇతని నడ్డి విరిచింది.

కాళ్లు పోయినందుకు ఏడ్చిన మనిషి కాదు. అతన్ని నమిలేసింది దురద. విరిగిన చోటికి పక్కనే, కుడి డొక్కలో మొదలైంది. అక్కడ గిల్లినా తెలియదు, సూది గుచ్చినా తెలియదు. దురద మాత్రం తెలుస్తుంది! ఇదెక్కడి న్యాయం? గోళ్లతో గోకాడు, దువ్వెనతో గోకాడు, చివరికి రేకుముక్కతో చెక్కాడు. నొప్పి తెలియని చోట చెయ్యి ఎక్కడ ఆగాలి? చాప నెత్తురుతో తడిసిపోయేది.

భార్య రాజవ్వ అది సిమెంటు దురద అనుకుంది. అనుకోదా మరి? కూలీలుండే ఆ చాల్‌లో ప్రతి ఇంటా సిమెంటు తినేసిన ఒళ్లే. కాగిన వేపాకు నీళ్లు పోసుకోవడం అందరికీ తెలిసిన మందు. ఆమె చెంబుతో డొక్క మీద పోసింది.

"ఇంక జర కాగవెట్టవే, సల్లగున్నయి" అన్నాడు.

పొయ్యి మీది నీళ్లు దించినవి దించినట్టే పోసింది. తువ్వాలుతో అద్దితే చర్మం తువ్వాలుకే వచ్చింది. రాజవ్వ కెవ్వున అరిస్తే, "ఏమైందే?" అని అతనే అడిగాడు. కట్టుకున్నవాణ్ణి తన చేతులతోనే ఉడకబెట్టింది, పాపం.

ధర్మాసుపత్రి డాక్టరు మరాఠీలో విడమర్చి చెప్పాడు. దురద చర్మంలో లేదు, దెబ్బతిన్న నరంలో ఉంది. ఎంత గోకినా పోదు. పుండు ఎముక దగ్గరికి వచ్చింది, ఇంకా గోకితే నెత్తురు విషమై మనిషి దక్కడు.

ఇంటికొచ్చాక రాజవ్వ అతని రెండు చేతులూ కలిపి చీరపేలికతో మంచం పట్టెకు కట్టింది. పళ్లతో విప్పేశాడు. తాడుతో కట్టింది. ముడుల్లో పుట్టి పెరిగినవాడికి అదో లెక్కా! మళ్లీ డొక్కలోకి వేళ్లు దిగాయి. రాజవ్వ అడ్డం పడితే మోచేత్తో మూతి పగలగొట్టాడు, మణికట్టు కరిచాడు. ఆమె ఊరుకుందా? చెంప ఛెళ్లుమనిపించి, జుట్టు పట్టి తల మంచానికేసి కొట్టింది. పక్కింటి ముత్తమ్మ పరుగెత్తుకొచ్చి విడదీసింది.

"పాగల్ అయిన్రా ఏంది? సంపుకుంటరా?"

"నేను సంపుతలేనక్కా. ఆయన సేతులే ఆయన్ను సంపుతున్నయి." రాజవ్వ ఉమ్మితే నెత్తురుతో పాటు పన్ను నేల మీద పడింది.

మొగులయ్య ఆ పన్ను వైపు చూశాడు. తర్వాత రెండు చేతులూ ఆమె ముందుకు చాపాడు.

"నీ ముడి పనికిరాదు. నేను జెప్పినట్టు కట్టు. ముందుగాల తాడు తడుపు. పట్టెకు గలిపి రెండు సుట్లు తిప్పు. కింది కొస నడుమల నుంచి తియ్యి. ఇగ మోకాలు పెట్టి గుంజు. గట్టిగ గుంజవే!"

ఆమె ఏడుస్తూ గుంజింది. అతను పళ్లు వేసి చూశాడు. ముడి కదల్లేదు.

"ఊడది" అన్నాడు. పనిలోకి పోయే రోజుల గొంతు అది.

కాసేపటికే దురద లేచింది. "రాజవ్వా, ఇప్పవే! నీ కాళ్లు మొక్కుత, ఇప్పవే! నీ సేతులిరగ, ఇప్పవే!" మంచం కోళ్లు నేలకేసి కొట్టుకుంటున్నాయి. రాజవ్వ గడపలో వీపు అటు తిప్పి కూర్చుంది. చెవులు మూసుకోలేదు. లేవనూ లేదు. ఆ ముడి కట్టడం నేర్పాడు గానీ, విప్పడం ఆమెకు నేర్పలేదు.