రెయిన్‌కోటు వత్తులు

మా బాబాయి ముప్పై ఏళ్లుగా టైలరు. కళ్లు మూసుకుని గుడ్డను వేళ్ల మధ్య నలిపి అది ఏ రకమో చెప్పేస్తానంటాడు. నేను ఒప్పుకోను.

చలి కాస్త తగ్గిందో లేదో ఆయన డాబా ఎక్కేస్తాడు. దుకాణం కత్తెరతోనే ఎండుకొమ్మలు కత్తిరిస్తాడు. కుండీల్లో మట్టి తిరగేసి, బీర, బెండ విత్తనాలు పెట్టి, పైన ఎండుటాకులు పరుస్తాడు. టమాటా, వంగ మొక్కలకు టేపు పెట్టి కొలతలు తీసి కుండీల మీద సుద్దతో రాస్తాడు. అందులో వేళాకోళమేమీ లేదు.

"దీని నడుం పావంగుళం పెరిగిందే!" అన్నాడొకరోజు.

"నా నడుం పెరిగితే మాత్రం జాకెట్టు వదులు చేయడానికి మీకు రెండు నెలలు పడుతుంది" అంది పిన్ని.

ఈ ఏడాది కుళాయి రోజు విడిచి రోజు వస్తోంది. పైగా ఉతికిన బట్టలు ఆరేయడానికి వరండా తప్ప చోటు లేదు. తడి దుప్పటి మొహానికి తగలకుండా మా ఇంట్లో ఎవరూ గడప దాటలేరు. పిన్ని తేల్చి చెప్పేసింది.

"పట్టిన నీళ్లలో ఒక్క మగ్గు కూడా పైకెక్కడానికి వీల్లేదు. వాడిన నీళ్లతో ఏం చేసుకుంటారో మీ ఇష్టం. ఆదివారానికి మొక్కలు బతికుంటే డాబా మీది. లేదంటే కుండీలన్నీ దించేసి దండెం కట్టుకుంటాను."

బాబాయికి పౌరుషం వచ్చింది. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు బకెట్లలో పోగేశాడు. ఎవరైనా చేయి కడుక్కోవడానికి లేస్తే గిన్నె పట్టుకుని వెంటపడేవాడు. మంగళవారం బకెట్లను ఎత్తుపీటల మీద పెట్టి, చుట్టూ కుండీలు చేర్చాడు. గుడ్డపీలికలను వత్తుల్లా పేని, ఒక కొస నీళ్లలో వేసి, రెండో కొస మట్టిలో పాతాడు.

"గుడ్డ నీళ్లు పీల్చి మెల్లగా వేరుకిస్తుందిరా. మగ్గుతో పోస్తే సగం ఎండ తాగేస్తుంది" అని నాకు పాఠం చెప్పాడు.

గురువారానికి మొక్కలు తలలు వాల్చేశాయి.

"కొత్త పద్ధతి కదా, అలవాటు పడాలి. అది సరే, బకెట్ చూడు! రెండు రోజులైనా నిండుగానే ఉంది. ఎంత పొదుపో చూశావా?"

ఇంత తెలివైన మనిషితో ఏం మాట్లాడతాం?

శనివారం పొద్దున్నే పిన్ని తాడు పట్టుకుని పైకొచ్చింది.

"గడువు రేపు కదే!" అని బాబాయి గగ్గోలు పెట్టాడు.

"రేపు కట్టాల్సింది ఇవాళ కడితే తాడేం అరిగిపోదు." చేయి నొప్పిగా ఉందని దుప్పట్లు పిండకుండానే కుండీల మీదుగా ఆరేసింది. బాబాయి కిందకి దిగిపోయి గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నానికి పిలిచినా లేవలేదు.

సాయంత్రం బట్టలు తీయడానికి వెళ్లిన పిన్ని పైనుంచి ఒక్క కేక పెట్టింది. "ఏమండీ!"

పరుగెత్తాం. దుప్పట్ల కింద ఉన్న ఆరు కుండీల్లో మట్టి తడిగా ఉంది, మొక్కలు నిటారుగా లేచాయి. మిగతా అయిదూ వడలిపోయే ఉన్నాయి. బాబాయి ఒక వత్తి బయటకు లాగాడు. బకెట్‌లోంచి వచ్చిన కొస మీద నీటిబొట్లు జారిపోయాయి. అవతలి కొస పొడిగా ఉంది. రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, గబుక్కున జేబులో కుక్కుకోబోయాడు.

"బాబాయ్, ఇది బడిపిల్లల రెయిన్‌కోట్లకు కత్తిరించగా మిగిలిన గుడ్డ కదూ?"

"గట్టి గుడ్డరా. చిరగదు, కుళ్లదు."

"తడవదు కూడా" అంది పిన్ని. నవ్వాపుకోలేక మెట్టు మీద కూలబడిపోయింది.

ఆ బకెట్ల నీళ్లన్నీ అప్పటికప్పుడు మగ్గుతో మిగతా కుండీలకు పోశాం. ఆదివారానికి పదకొండూ బతికాయి.

"చూశావా? డాబా నాదే!" అన్నాడు బాబాయి, సిగ్గు లేకుండా.

"బతికించింది నా దుప్పట్లు. డాబా నాది. పోనీ పాపమని కుండీలు దించను, దండెం కింద అద్దెకుండనివ్వండి."

అప్పట్నుంచి మా ఇంట్లో బట్టలు పిండటం నేరం. మూడోసారి జాడించగానే బాబాయి వాటిని బకెట్‌లో వేసుకుని పైకి పరుగెడతాడు. ఏ గుడ్డ ఎంతసేపు కారుతుందో సుద్దతో గోడ మీద రాసుకుంటున్నాడు. నిన్న నా గదిలోకొచ్చి నన్ను కిందనుంచి పైదాకా చూశాడు.

"ఒరేయ్, ఆ జీన్సు ఉతికి ఎన్నాళ్లయింది?"

"నెల."

"ఛీ! విప్పు. వంగమొక్క రెండ్రోజులు తాగుతుంది."