శాంతాబాయి వద్దన్న విందు

ముంబైలోని కామాఠిపురా పదకొండో గల్లీలో శాంతాబాయి గొంతు పెంచగా విన్నవాళ్లు లేరు. పెళ్లయి అక్కడి చాల్‌లో, వరుసగదుల పాత భవనంలో, కాపురానికి వచ్చిన నాటి నుంచి ముందు అత్తకు, తర్వాత భర్త ఆంజనేయులుకు వడ్డించి, అందరూ లేచాక గిన్నె అడుగున మిగిలింది తినేది. ఆంజనేయులు తాపీ మేస్త్రీ. కూరలో ఉప్పు తగ్గితే పళ్లెం తీసి గోడకేసి కొట్టేవాడు. ఆమె మెతుకులు ఏరి, గోడ తుడిచి, మళ్లీ స్టవ్ ముట్టించేది. పగలంతా ఆసుపత్రిలో ఆయా పని, ఇంటికొస్తే ఇది. ఆయన పోయాక కూడా ఆ మౌనం ఆమెను వదల్లేదు.

మొన్న ఆమె రిటైరయింది. కొడుకు అతుల్ ఒక ట్రావెల్ ఆఫీసులో పనిచేస్తాడు. "ఇయ్యాల నువ్వు వండకమ్మా. హోటల్‌కు పోదాం. ఊకె కూసో, నీకు వేరేటోళ్లు వడ్డిస్తరు" అన్నాడు.

ఆ మాట ఆమెకు ఎంతో నచ్చింది. నేరేడుపండు రంగు చీర కట్టుకుని కొడుకు, కోడలు మనాలితో టాక్సీ ఎక్కింది.

ఒక పాత మిల్లులో పెట్టిన తెలంగాణ వంటల హోటల్ అది. చెక్కడపు తలుపులు, కప్పు నుంచి వేలాడే ఇత్తడి దీపాలు, నీళ్లలో గులాబీ రేకులు, గోడ నిండా బతుకమ్మ ఆడుతున్న ఆడవాళ్ల బొమ్మ. శాంతాబాయి ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడిపోయింది. ఇంత అందమైన చోట తనను కూర్చోబెట్టి వడ్డిస్తారా అనుకుంటే కళ్లు చెమర్చాయి.

తర్వాత భోజనం వచ్చింది. జొన్నరొట్టె చల్లబడి తోలులా సాగింది. పచ్చిపులుసు షర్బత్‌లా తియ్యగా ఉంది. మటన్ మీద తెల్లటి మీగడ పోశారు, కింద ముక్క సరిగా ఉడకలేదు, పైగా ఫ్రిజ్ వాసన. ఆమె రెండు ముద్దలు మింగి కొడుకు వైపు చూసింది. అతుల్ ముక్కలన్నీ పక్కకు నెట్టేస్తున్నాడు.

వెయిటర్ వచ్చి భోజనం ఎలా ఉందని హిందీలో అడిగాడు.

"ఏక్‌దమ్ మస్త్" అన్నాడు అతుల్.

శాంతాబాయికి ఒళ్లు మండింది. "ఏం మస్తున్నది రా? నువ్వు తిన్నవా?"

"జర మెల్లగమ్మా. అందరు చూస్తుండ్రు."

"చూడనియ్యి. మేనేజర్‌ను పిలువు."

నల్లకోటు వేసుకున్న మేనేజర్ నవ్వుతూ వచ్చాడు. ఇది తమ వంటవాడి ప్రత్యేక పద్ధతి అనీ, ఇక్కడ ఫొటోలు తీసుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారనీ చెప్పాడు.

"నేను అన్నం తినడానికి వచ్చాను" అంది ఆమె హిందీలో. "మాంసం వాసన కొడుతోంది. నువ్వు తిని చూడు."

మేనేజర్ నవ్వు ఆగిపోయింది. అతుల్ మొహం ఎర్రబడింది. "అచ్చం బాపు లెక్కనే చేస్తున్నవు" అన్నాడు పళ్లు బిగించి.

శాంతాబాయి కొడుకు వైపు తిరిగింది. గొంతు తగ్గించలేదు.

"మీ బాపు నేను వండింది గోడకేసి కొట్టిండు. నేను ఎవల్ని కొట్టిన? పళ్లెం ఇసిరేసిన్నా? బాగలేదన్న, అంతే. గది గూడ అనద్దా నేను? ఆయన పళ్లెం ఇసిరినప్పుడు నువ్వు మూలకు కూసొని నీ అన్నం నువ్వు తిన్నవు. ఇయ్యాల నాకు బుద్ధి చెప్తున్నవా?"

అతుల్ తల దించుకున్నాడు. అప్పటిదాకా మాట్లాడని మనాలి తన పళ్లెం మేనేజర్ వైపు జరిపి, మరాఠీలో, "అత్తమ్మ చెప్పింది నిజం. నాకూ వాసన వచ్చింది. చెప్పడానికి భయపడ్డాను" అంది.

మేనేజర్ ఆ పళ్లేలు తీయించి వేరే మటన్ తెప్పించాడు. అదీ అదే వాసన. శాంతాబాయి లేచి చెయ్యి కడుక్కుని, బతుకమ్మ బొమ్మ వైపు కన్నెత్తి చూడకుండా బయటికి నడిచింది.

అతుల్, మనాలి ఆమె వెనకే వచ్చి టాక్సీ పిలిచారు. తెల్లారి పక్కగది సాయమ్మ వరండాలో బట్టలు ఆరేస్తూ, విందు ఎట్లుండెనని అడిగింది. శాంతాబాయి మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టింది. కొడుకు అన్న మాట కూడా దాచలేదు. ఆ చివరి గదులవాళ్లు కూడా తలుపుల్లోకి వచ్చి విన్నారు. లోపల అతుల్ టీవీ సౌండు పెంచాడు. మనాలి వెళ్లి తగ్గించింది.